కదలని స్తంభానికి కాపలా

మా ఇంటి వెనక ఒక గోడ. ఆ గోడకు అవతల విమానాలు దిగే మైదానం. బస్తర్‌లో ఇంత చిన్న పట్నానికి విమానం ఎందుకని నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను. రోజుకు ఒకటో రెండో వస్తాయి. దిగినవాళ్లు కార్లెక్కి, అద్దాలు పైకెత్తుకుని వెళ్లిపోతారు. వాళ్లలో ఒక్కరైనా మా వీధి సంతలో పావుకిలో కాకరకాయలు కొన్న పాపాన పోలేదు.

నేను పుట్టింది తెలుగు మాట్లాడే సరిహద్దు ఊరు కొంటాలో. నాలుగో తరగతి దాకా చదివాను. పెళ్లయి ఈ పట్నానికి వచ్చాక హిందీ, ఇక్కడివాళ్ల హల్బీ భాష బేరాలాడుతూ నేర్చుకున్నాను. నా పెద్దకొడుకు కిరందుల్ గనుల్లో పని చేస్తాడు. వాడి కూతురు ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చదివింది. ఆ చదువుకు గోడకవతల మైదానంలోనే కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. అద్దె దండగని నా దగ్గరే ఉంటోంది. నా చిన్నకొడుకు లారీ డ్రైవరు. వాడూ, వాడి పెళ్లామూ ఇదే ఇంట్లో ఉంటారు. ఇంతే మా సంసారం.

పిల్ల ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఏం పని చేస్తావని అడిగాను.

"ఆకాశంల ఉపగ్రహాలుంటయి నాయనమ్మా. అవి పంపే సిగ్నల్ పట్టుకొని విమానం తానెక్కడున్నదో తెలుసుకుంటది. ఆ సిగ్నల్‌ను నమ్మొచ్చా, నమ్మొద్దా అని చూసేది మేము."

"నువ్వెట్ల చూస్తవే? పైకెగిరి చూస్తవా?"

"మా దగ్గర ఒక స్తంభముంది. అదెక్కడున్నదో వేలెడు తేడా లేకుండ కొలిచి పెట్టిన్రు. దాని నెత్తిమీద ఏంటెనా ఉంటది. ఉపగ్రహాల లెక్క ప్రకారం నేనెక్కడున్ననని అది చూసుకుంటనే ఉంటది. వాటి లెక్క, మాకు తెలిసిన చోటు ఒకటే అయితే తెరమీద పచ్చ. తేడా వస్తే ఎర్ర. ఎర్రొస్తే రెప్పపాటుల పైలట్‌కు తెలియాలె. ఇప్పుడు దాన్ని నమ్మకు, నేల కండ్లకు కనిపిస్తే దిగు, లేకుంటే వెనక్కి పో అని."

నాకు నవ్వాగలేదు. స్తంభం నిన్నా అక్కడే ఉంది, ఇవాళా అక్కడే ఉంది, రేపూ అక్కడే ఉంటుంది. కాంక్రీటు పోసి పాతిన దాన్ని పట్టుకుని పొద్దస్తమానం ఎక్కడున్నావు, ఎక్కడున్నావు అని అడగడానికి ఒక ఆఫీసు, దానికొక జీతం! నా రోలు పెళ్లైన నాటినుంచి వంటింటి మూలనే ఉంది. దాని కోసం ఏ ప్రభుత్వమూ మనిషిని పెట్టలేదు.

ఒకసారి ఆ వైభోగం చూద్దామని వెళ్లాను. చుట్టూ కంచె, మధ్యలో నా భుజమెత్తు స్తంభం, దానిమీద తెల్లటి మూకుడు బోర్లించినట్టు ఏంటెనా. పక్కన చిన్న గది. లోపల బీరువా అంత పెట్టె, ఆ పెట్టెకు ఏసీ. దాని ముందు మా పిల్లకు కాలు వంకరపోయిన ప్లాస్టిక్ కుర్చీ. పెట్టెకు చెమట పట్టకూడదట. మనిషికి పడితే ఫరవాలేదట. పెద్ద చదువులవాళ్లకు దేనికి గొడుగు పట్టాలో కూడా తెలియదని ఆ రోజే అనుకున్నాను.

"ఇంత చేసి ఏం లాభమే? ఆ పైలట్‌కు కండ్లు లేవా?" అన్నాను.

"వానకాలం మబ్బు కిందికి దిగుతది నాయనమ్మా. అప్పుడు కొండ కనపడదు. కనపడేసరికి ముక్కు ముందుంటది."

అదంత పెద్ద మాటేమీ కాదనుకుని ఇంటిదారి పట్టాను.

ఇక నా చిన్నకొడుకు సంగతి. కొంటా రోడ్డు మీద లారీ నడుపుతాడు. వచ్చేటప్పుడు బియ్యం, పోయేటప్పుడు సిమెంటో ఇనుమో. చేతిలో పనుంది, ఒంట్లో బలముంది. బుర్రలో మాత్రం కోళ్లున్నాయి. మా పెరట్లో పుంజులను కట్టి పెంచుతాడు. పెళ్లానికి ఇన్ని పాలు పోయించడు, పుంజుకు బాదంపప్పు నానబెడతాడు. దాని కాళ్లకు నూనె రాస్తాడు. నా కాళ్లు ఏళ్ల తరబడి నొప్పి పెడుతున్నాయి, వాటివైపు చూసిన కన్ను లేదు. కోడి అన్నాక కూరకు పనికిరావాలి. అంతకుమించి దానితో మనిషికి ఏం పనో నాకు అంతుపట్టదు.

అదే రోడ్డులో తోంగ్‌పాల్ దాటాక ఒక పల్లెలో శుక్రవారం కోడిపందేలు జరుగుతాయి. మిగతా రోజుల్లో వీడి లారీ సేఠ్ షెడ్డులో ఉంటుంది, శుక్రవారం వస్తే మాత్రం మధ్యాహ్నం మా పెరట్లో వాలుతుంది. అన్నం తింటాడు, వేపచెట్టు కింద మంచమెక్కి కునుకు తీస్తాడు, లేచి పుంజును కేబిన్‌లో తన పక్కసీటులో కూర్చోబెట్టుకుని పోతాడు. లారీ యజమాని సేఠ్ ఊరుకుంటాడా అంటే, సేఠ్‌కు తెలియదంటాడు.

"లారీ ఎక్కడున్నదో సేఠ్ ఫోన్ల చూసుకుంటడని నువ్వే చెప్తివి కదరా?"

"చూస్తడు. మనది బస్తర్ కదమ్మా. జంగిల్ల నెట్‌వర్క్ లేదు సేఠ్ అంటే నమ్ముతడు."

ఆ నెట్‌వర్క్ సరిగ్గా శుక్రవారమే ఎందుకు పోతుందో ఆ సేఠ్‌కు తట్టలేదు. లారీలు కొనగలిగినవాడికి ఆ మాత్రం బుద్ధి ఉంటుందనుకోవడం నా పొరపాటు.

వేసవి ముదిరే రోజుల్లో పిల్ల ముఖం వాడిపోవడం మొదలైంది. అన్నం కెలికి వదిలేస్తోంది. మెతుకు పారేస్తే నేను ఊరుకోను. ఏమైందని నిలదీశాను. వరసగా కొన్ని శుక్రవారాల నుంచి మధ్యాహ్నం పూట తెర ఎర్రబడుతోందట. కాసేపు అలాగే ఉండి, మళ్లీ తనంతట తానే పచ్చకు వస్తుందట. ఒక శుక్రవారం దుమ్ముగాలిలో నేల కనబడక, సిగ్నల్‌ను నమ్మవద్దన్నారని, విమానం మా నెత్తిమీద ఒక చుట్టు చుట్టి వెళ్లిపోయింది. ఆ చుట్టు నేనూ చూశాను. కిరాయి దండగని అనుకున్నాను.

పిల్లపైన ఒక ఆఫీసరు ఉన్నాడు. ఉత్తరాదినుంచి వచ్చినవాడు, హిందీ తప్ప మరొకటి తెలియదు. అతనికి ఒకటే అనుమానం, తప్పు ఉపగ్రహాలది కాదు, విమానాలది కాదు, మా స్తంభానిది. మిగతా ఊళ్ల స్తంభాలన్నీ పచ్చగా ఉంటే ఇదొక్కటే ఎందుకు ఎర్రబడుతుందని. మొదట ఎలుకలన్నాడు. తర్వాత నీళ్లు దిగాయన్నాడు. తర్వాత ఈ పిల్ల కుర్చీలో నిద్రపోయి ఏ మీటో నొక్కి ఉంటుందన్నాడు. చివరికి ఒకరోజు కంచె దగ్గర నిలబడి చుట్టూ చూసి, మా ఇంటికి వచ్చాడు.

"మాతాజీ, యే తార్ హటానా పడేగా" అన్నాడు. ఈ తీగ తీసేయాలని. అది నా బట్టల తీగ.

"ఎందుకు?" అన్నాను, హిందీలోనే.

ఇనుప తీగకు తగిలి సిగ్నల్ చెదిరిపోతుందట. ఆకాశాన్ని దాటుకుని వచ్చినది నా తడిచీర దగ్గర తడబడుతుందట! అతని వీపు వెనక మా పిల్ల వద్దు, వద్దు అని నాకు చేత్తో సైగ చేసింది. దాని కోసం నోరు మూసుకున్నాను. అతనే మనిషిని పంపి తీగ విప్పించాడు. ఆ వారమంతా చీరలు గోడమీద ఆరేశాను, గోడకున్న సున్నమంతా చీరలకు అంటింది. శుక్రవారం వచ్చింది. తెర మళ్లీ ఎర్రబడింది.

అప్పుడతను పిల్లతో చివరి మాట చెప్పాడు. వచ్చే శుక్రవారం కూడా ఇలాగే అయి, ఎందుకయిందో నువ్వు చెప్పలేకపోతే, ఈ స్తంభం స్టేషన్‌ను నమ్మదగనిదని రాసి తాళం వేస్తాం. పెట్టె ఇంకో ఊరికి పోతుంది, నువ్వు ఇంటికి పోతావు. పిల్ల ఆ మాటలు నాకు చెప్పి, ఏడవకుండా కూర్చుంది. ఏడ్చి ఉంటే తిట్టేదాన్ని. ఏడవలేదు కాబట్టి ఇంకో ముద్ద వడ్డించాను.

"ఏం చేస్తవు మరి?"

"వెతుకుత. అది సూర్యుడు చేసేది కాదు, మబ్బు చేసేది కాదు. వాటికి శుక్రవారమని తెల్వదు. ఎవరో ఏదో పెడుతున్నరు."

ఆ శుక్రవారం నేనూ, చిన్నకోడలూ పెరట్లో చింతపండు గింజలు తీస్తున్నాం. లారీ వచ్చి గోడ నీడలో ఆగి ఉంది. చిన్నవాడు తిని మంచంమీద గురక పెడుతున్నాడు. మంచంకోడుకు కట్టిన పుంజు ఆ గురకకు తల అటూ ఇటూ తిప్పుతోంది. అంతలో వీధి తలుపు తోసుకుని మా పిల్ల లోపలికి వచ్చింది. ఒక చేతిలో చేపముల్లు లాంటి ఏంటెనా, రెండో చేతిలో చిన్న పెట్టె. ముఖమంతా ఎండకు కందిపోయింది.

"ఏందే, డ్యూటీ వదిలి ఎండల తిరుగుతున్నవ్? ఆ చేపముల్లేంది?"

"మాట్లాడకు నాయనమ్మా."

నాతో అలా అన్నవాళ్లు ఆ ఇంట్లో లేరు. పిల్ల ఆ ముల్లును గోడవైపు తిప్పింది, చేతిలో పెట్టె చిన్నగా కూసింది. నా వైపు తిప్పింది, ఇంకా తగ్గింది. లారీవైపు తిప్పింది. అది గొంతు చించుకుంది. పుంజు కూడా దానికి పోటీగా కూసింది. కోడలు ఫక్కున నవ్వింది. పిల్ల నవ్వలేదు. లారీ చుట్టూ ఒకసారి తిరిగి, కేబిన్ తలుపు దగ్గర ఆగింది.

"బాబాయ్. లే."

"అప్పుడే టైమయిందా?" అంటూ వాడు కళ్లు నులుముకున్నాడు.

"లారీల ఏం పెట్టినవ్?"

"ఇంకేముంటది, బియ్యం బస్తాలు."

"ఎనక కాదు. ముందల. కేబిన్ల."

వాడి ముఖం మారింది. నేను కన్న ముఖం, అది ఎప్పుడు మారుతుందో నాకు తెలుసు.

"ఫోన్ చార్జరు" అన్నాడు.

పిల్ల తలుపు తెరిచి స్టీరింగ్ కిందికి వంగి చూసింది. "చార్జరుకు మూడు కొమ్ములుంటయా బాబాయ్?"

అప్పుడు ఒక్కొక్కటీ బయటపడ్డాయి. హైవే పక్కన ఏదో కొట్టులో అది దొరుకుతుందట. కొంటా రోడ్డు డ్రైవర్లు చాలామంది కొన్నారట. అది పెడితే సేఠ్ ఫోన్లో లారీ కనబడదు. లారీ ఎక్కడుందో చెప్పడానికి సేఠ్ అందులో పెట్టించిన పెట్టెకు ఉపగ్రహం మాట వినబడకుండా ఇది పక్కన కూర్చుని గోల చేస్తుందన్నమాట. ఉపగ్రహం మాట ఇంత దూరం వచ్చేసరికి మిణుగురు వెలుగంత అయిపోతుందని, పక్కనే టార్చిలైటు వేస్తే మిణుగురు ఎక్కడ కనపడుతుందని పిల్ల తర్వాత చెప్పింది. ఆ గోల వాడి లారీతో ఆగలేదు. గోడ దూకి స్తంభం దాకా పోయింది. మీదికి వస్తున్న విమానం దాకా పోయింది.

"ఇంజన్ బందు చేస్తే అదీ బందయితదనుకున్న" అని వాడు నసిగాడు. అవలేదు. మన రోడ్ల గుంతలకు ఆ ప్లగ్గు ఊడి పడిపోతోందని, మెకానిక్కు దాని తీగను నేరుగా బ్యాటరీకి కలిపి టేపు చుట్టాడట. లారీ నిద్రపోయినా అది మేలుకునే ఉంటుంది. వీడు మంచమెక్కి గురక పెట్టినంతసేపూ అది గోల చేస్తూనే ఉంది. సేఠ్‌ను మోసం చేయాలనుకున్నవాడు, దొంగసరుకును రోజూ విమానం దిగే మైదానం గోడ నీడలో పెట్టి కునుకు తీశాడు. దొంగతనానికైనా కొంచెం శ్రద్ధ ఉండాలి.

చిన్నకోడలు చేతులు దులుపుకుని లేచింది. "అయిపాయె కద. పీకి పారేస్తే పోతది. వచ్చే వారం నుంచి నీ తెర పచ్చగుంటది. ఇంటి సంగతి ఇంట్లనే ఉండనీ."

"మరి ఇన్ని శుక్రవారాలు ఎందుకు ఎర్రయింది అంటే ఏం చెప్పాలె పిన్నీ?"

"తెల్వదని చెప్పు."

"తెల్వదంటే స్టేషన్‌కు తాళం."

"పోనీ! నీకు ఇంకో ఉద్యోగమొస్తది, చదువుకున్నదానివి. ఈయన పేరు రాస్తే పోలీసులొస్తరు. లైసెన్సు గుంజుకుంటరు. మేమేం తినాలె? నీ స్తంభాన్ని తినాల్నా?"

ఆ మాటను తీసిపారేయడానికి లేదు. కోడలు తెలివితక్కువది కాదు, దాని పొయ్యి సంగతి అది చూసుకుంది.

చిన్నవాడు పిల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "బిడ్డా, నిన్ను ఈ చేతులతో ఎత్తుకున్న. పిడుగు పడిందని రాయి. ఎలుక కొరికిందని రాయి. మీ సార్ మొదలు అదే అన్నడంటివి కద."

"ఎలుకకు శుక్రవారమే ఆకలైతదా బాబాయ్?" అంది పిల్ల. "నేను చేసే పని ఒకటే. దాన్ని నమ్మొచ్చో నమ్మొద్దో చెప్పుడు. నేనే అబద్ధమాడితే నన్నెవరు చూడాలె?"

"మస్తు మాటలు నేర్చినవ్" అని వాడు కేబిన్‌లోకి దూరాడు. తీగలు తెగిన చప్పుడు వినిపించింది. పెట్టెను పిడికిట్లో పట్టుకుని, పెరటి మూల పాడుబడ్డ బావివైపు పెద్ద అంగలేశాడు. బావిలో పడితే అయిపోయింది. పిల్ల చేతిలో చూపించడానికి ఏమీ మిగలదు. ఒట్టి మాట మిగులుతుంది. ఆ ఆఫీసరు ఒట్టి మాటను నమ్మే రకం కాదు.

నేను లేచాను. ఒడిలో చింతపండు కింద పడింది, పడనిచ్చాను.

"ఇటు తే."

"అమ్మా, నువ్వు జరుగు."

"ఇటు తేరా."

మీసాలు నెరుస్తున్న మనిషి, లారీని ఘాట్ రోడ్డు మీద ఒంటిచేత్తో తిప్పేవాడు, బావి గట్టుమీద చేయెత్తి నిలబడ్డాడు. నేను చేయి చాపి నిలబడ్డాను. ఎవరం కదల్లేదు. తర్వాత వాడు నా కళ్లలోకి చూడకుండా ఆ పెట్టెను నా చేతిలో పడేశాడు. కొత్తగా పెట్టిన గుడ్డులా వెచ్చగా ఉంది. సబ్బుపెట్టెకంటే బరువు లేదు. ఎన్ని కోట్లు తగలేసి ఆకాశంలో వేలాడదీశారో, ఆ గొప్పంతా ఈ అంగడి బొమ్మ ముందు చేతులెత్తేసింది. ఆకాశంలో పెట్టినవాళ్ల మీదా, అంగట్లో పెట్టినవాళ్ల మీదా, కొనుక్కొచ్చిన నా కొడుకు మీదా ఒకేసారి అసహ్యం వేసింది.

పెట్టెను పిల్లకిచ్చాను. "నీ పని నువ్వు చేసుకో పో."

"అత్తా! కన్నకొడుకును పట్టిస్తవా?" అని కోడలు గుండె బాదుకుంది.

"కన్నకొడుకు గనకనే చేయి చాపిన. ఇంకెవడన్న అయితే చీపురు తీసేదాన్ని."

విమానాల మీద ప్రేమతో నేనా పని చేయలేదు. ఎక్కినవాళ్లెవరో, దిగినవాళ్లెవరో నాకనవసరం. స్తంభం తన చోట తాను ఉంది. దాని పక్కన కుర్చీలో కూర్చున్న మనిషి పక్కకు జరిగిపోతే ఆ ఆఫీసుకు అర్థమేముంది, అనిపించింది. ఒక పనికి జీతం తీసుకుంటే ఆ పని చేయాలి. తక్కువ జీతమైనా సరే, కాలు వంకరపోయిన కుర్చీ అయినా సరే.

మర్నాడు ఆఫీసరు, ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. ఆఫీసరు ముఖం వెలిగిపోతోంది. బయటినుంచే ఎవరో చెడగొడుతున్నారని తనకు మొదటినుంచీ అనుమానమేనన్నాడు. "మరి నా తీగ?" అన్నాను. నవ్వాడు. తీగ తిరిగి కట్టించాలని అతనికి తోచలేదు, నేనే కట్టుకున్నాను. పైకి పంపిన కాగితంలో, మేము వెతికి పట్టుకున్నాం అని రాశాడట. ఆ మేములో మా పిల్ల ఏ మూలనుందో వెతుక్కోవాలి.

"నువ్వెందుకు ఊరుకున్నవే?" అన్నాను.

"స్టేషన్ ఉన్నది కద నాయనమ్మా. నేనున్న. చాలు."

నేనైతే ఊరుకునేదాన్ని కాదు.

చిన్నవాడి మీద కేసయింది, జుర్మానా పడింది. కొన్నాళ్లు లైసెన్సు ఆపేశారు. సేఠ్ అదే రోజు తాళాలు తీసుకున్నాడు, ఇన్నాళ్ల నెట్‌వర్క్ కథ అప్పటికి అర్థమైనట్టుంది. ఇప్పుడు వాడు బియ్యం గోదాములో బస్తాలు మోస్తున్నాడు. పుంజులను కోడలే సంతకు మోసుకెళ్లి అమ్మేసింది, ఆ ఒక్క పనికి దాన్ని మెచ్చుకున్నాను. పైకి అనలేదు. అదే వారం పెరటికి అవతలివైపు వేరు పొయ్యి పెట్టుకుంది. ఒక ఇంట్లో రెండు పొయ్యిలు, రెట్టింపు కట్టెలు. పౌరుషానికి ఇంత కట్టె తగలేయడం నేనెక్కడా చూడలేదు.

వాడు నాతో ముక్తసరిగా మాట్లాడతాడు. పిల్లతో మాట్లాడడు. ఒకనాడు మాత్రం అది డ్యూటీకి పోతుంటే అవతలి పొయ్యి దగ్గరనుంచి వినపడేలా అన్నాడు.

"ఏందమ్మా, నీ స్తంభం అక్కడే ఉన్నదా, నడిచిపోయిందా?"

"అక్కడే ఉన్నది బాబాయ్. అన్నం తిన్నవా?"

వాడు పొయ్యిలోకి ఇంకో కట్టె తోశాడు. తినలేదన్న సంగతి నాకు తెలుసు. గిన్నెలో ఇంత పప్పు పోసి అవతలికి పంపాను, గిన్నె కడిగి పంపమని చెప్పి మరీ.

వానలు దిగాయి. మబ్బు గోడమీద కూర్చున్నంత కిందికి వస్తోంది, కొండ ఉన్న చోట కొండ లేదు. మధ్యాహ్నం పైన విమానం మోత మాత్రం వినబడుతుంది, మనిషికి ఏమీ కనబడదు. మోత దగ్గరికి వచ్చి, నేలకు తగిలి, సన్నబడి ఆగిపోతుంది. సాయంత్రం పిల్ల తడిసి వస్తుంది. ఇవాళ ఎర్రయిందా, పచ్చగా ఉందా అని నేను అడగను. ఎర్రయితే అదే చెబుతుంది.